హిస్టరీ షీట్ తెరవడం తేలిక, మూయడం కష్టం: పోలీసుల రహస్య దస్త్రాల్లో ఏముంటుంది?

క్లుప్తంగా: ప్రతి పోలీసు స్టేషన్లోనూ కోర్టుకు వెళ్ళని రికార్డులు కొన్ని ఉంటాయి. ఊళ్ళ గురించి, మనుషుల గురించి పోలీసులు తమ అవసరానికి తామే రాసుకునేవి అవి. ఒక మనిషి పేరున రాసేది హిస్టరీ షీట్, రౌడీ షీటు దానిలో ఒక రకం. నిబంధనల ప్రకారం ఇవి రహస్యం. ఆచరణలో మాత్రం ఎవరి మీద రాశారో వారికి దొరకవు, వీధిలో మాత్రం అందరికీ తెలుస్తాయి. సుప్రీంకోర్టు అరవయ్యేళ్ళకు పైగా వీటికి హద్దులు గీస్తూ వచ్చింది. షీటు తెరవడానికీ నిఘా పెట్టడానికీ షరతులు వచ్చాయి. మూసే అధికారం మాత్రం తెరిచినవారి చేతిలోనే మిగిలిపోయింది.

"ఎన్నికల వేళ రౌడీషీటర్ల బైండోవర్", "పండుగ ముందు రౌడీషీటర్లకు కౌన్సెలింగ్", "పాత కక్షలతో రౌడీషీటర్ హత్య". పత్రికల జిల్లా పేజీల్లో ఇలాంటి శీర్షిక లేని వారం అరుదు. (బైండోవర్ అంటే మంచిగా నడుచుకుంటానని పూచీకత్తు రాయించుకోవడం.) రౌడీషీటర్ అంటే ఏదో కేసులో శిక్ష పడినవాడని చదివేవారిలో చాలామంది అనుకుంటారు. శిక్షకూ షీటుకూ నేరుగా ముడి లేదు. ఒక్క కేసులోనూ నేరం రుజువు కాని మనిషి పేరున షీటు ఉండవచ్చు. జైలుకు వెళ్ళి వచ్చినవారి పేరున అసలు లేకపోవచ్చు. ఫలానా మనిషి మీద ఒక కన్నేసి ఉంచాలని పోలీసు శాఖ తనకు తాను రాసుకున్న గుర్తు అది. ఏ జడ్జీ దాని మీద సంతకం పెట్టడు.

స్టేషన్లో ఏ పుస్తకం దేనికి

స్టేషన్లో రాసేవన్నీ ఒక తరహా రికార్డులు కావు. ఎఫ్‌ఐఆర్ బహిరంగ పత్రం. సున్నితమైన కేసులు మినహా మిగిలినవాటిని నమోదైన 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఛార్జిషీటు నకలు నిందితుడి చేతికి వస్తుంది. కేస్ డైరీని నిందితుడు మామూలుగా చూడలేడు గానీ కోర్టు తెప్పించుకుని చూడగలదు. స్టేషన్లో రోజంతా జరిగింది ఎక్కించే జనరల్ డైరీకి 1861 పోలీసు చట్టంలోని 44వ సెక్షన్ ఆధారం. వీటిలో ప్రతిదాని వెనకా ఒక చట్టం ఉంది. ఏదో ఒక దశలో న్యాయమూర్తి కన్ను వాటి మీద పడుతుంది.

వీటికి పక్కన మరో వరుస ఉంది. పాత మద్రాసు పద్ధతి నడిచిన ప్రాంతాల్లో దాన్ని స్టేషన్ క్రైమ్ హిస్టరీ అంటారు. ఉత్తరప్రదేశ్‌లో విలేజ్ క్రైమ్ నోట్‌బుక్, పంజాబ్‌లో సర్వేలెన్స్ రిజిస్టర్. పేరేదైనా లోపల రాసేది ఊరి గురించి, మనుషుల గురించి. ఏ పేటలో ఎలాంటి దొంగతనాలు జరిగాయి, ఎక్కడ వర్గ కక్షలున్నాయి, ఏ జాతరలో గొడవ రేగే వీలుంది, ఏ చెరువు నీటి మీద తగాదా నడుస్తోంది, ఏ ఇద్దరు పెద్దమనుషుల మధ్య మాటల్లేవు అన్నవి ఊరి భాగంలోకి వస్తాయి. రెండు మూడేళ్ళకు, ఒక్కోసారి అంతకన్నా ముందే బదిలీ అయిపోయే ఎస్సైకి ఆ స్టేషన్ పరిధి గురించి తెలియజెప్పేది ఈ పుస్తకమే. దీన్ని రహస్యంగా ఉంచడంలో ఎవరికీ పెద్ద అభ్యంతరం ఉండదు. ఫలానా వర్గం వారు ఫలానా రోజున కత్తులు తీయవచ్చన్న అంచనా బయటికొస్తే సమాచారం ఇచ్చినవాడి ప్రాణానికే ముప్పు.

చిక్కంతా మనుషుల భాగంతోనే. హిస్టరీ షీట్ మొదటి పేజీల్లో పేరు, మారుపేర్లు, తండ్రి పేరు, ఎత్తు, పుట్టుమచ్చలు, ఫొటో, వేలిముద్రలు ఉంటాయి. ఆ తర్వాత బంధువులు, స్నేహితులు, తరచూ వెళ్ళే చోట్లు, జీవనాధారం, నేరం చేసే తీరు, పాత కేసులు, వాటి ఫలితం. ఆ వెనక పేజీలు ఖాళీగా వదులుతారు. బీటు కానిస్టేబుల్ ఎప్పటికప్పుడు విచారించి తెచ్చిన కబురు తేదీ వేసి అక్కడ ఎక్కిస్తారు: ఊళ్ళోనే ఉంటున్నాడు, ఆటో నడుపుతున్నాడు, అనుమానించదగ్గ కదలికలేమీ లేవు. ఇవే మాటలు వరసగా ఐదారేళ్ళు పడిన షీటు ఇంకా తెరిచే ఉంటే, అది ఎందుకన్న ప్రశ్న ఆ పేజీల్లోనే ఉంటుంది. అడిగేవారు మాత్రం ఉండరు.

షీట్లలో రకాలున్నాయి. చోరీలకు అలవాటు పడ్డారని భావించేవారికి సస్పెక్ట్ షీటు, కేడీ షీటు. కొట్లాటలు, బెదిరింపులు, శాంతిభద్రతలకు భంగం కలిగించేవారికి రౌడీ షీటు. మనిషి మకాం మారిస్తే కాగితం కూడా కదులుతుంది. పాత స్టేషన్ నుంచి కొత్త స్టేషన్‌కు 'బ్యాడ్ క్యారెక్టర్ రోల్' అనే పత్రం వెళుతుంది. పాత సావాసాలు వదిలించుకోవాలని ఊరు విడిచి వెళ్ళినవాడి చిట్టా కొత్త ఊరి స్టేషన్‌కూ చేరుతుందన్నమాట.

అనుమానంతో మొదలైన పద్ధతి

1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం 1860లో పోలీసు కమిషన్ వేసింది, మరుసటి ఏడాదే చట్టం తెచ్చింది. కొద్దిపాటి బలగంతో, భాష తెలియని పై అధికారులతో విశాలమైన పల్లెసీమను అదుపులో ఉంచాలి. తలారి, మునసబు నోటి మాటగా చెప్పేది కాగితం మీదికి రావాలి. ఊరి నేర పుస్తకం ఆ అవసరంలోంచి వచ్చింది.

అదే కాలంలో మరో భావన కూడా వేళ్ళూనుకుంది. కొందరు పుట్టుకతోనే నేరస్థులన్నది ఆ భావన. 1871లో ఉత్తర భారతంలో మొదలైన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1911లో కొత్త రూపంలో మద్రాసు రాష్ట్రానికీ వర్తించింది. ఇప్పటి బాపట్ల జిల్లాలోని స్టూవర్టుపురం దాని ఫలితమే. 1913లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ నిర్వహణలో ఎరుకల కుటుంబాల కోసం ఏర్పాటైన ఈ సెటిల్‌మెంట్‌కు మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. ఈ చట్టం కిందికి వచ్చినవారు హాజరు వేయించుకోవాలి, పొలిమేర దాటాలంటే పాసు తీసుకోవాలి. ఎవరు ఏ నేరం చేశారన్న ప్రశ్నే లేదు. కులం పేరు రిజిస్టరులో ఉంటే చాలు.

1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. దాని స్థానంలో రాష్ట్రాలు అలవాటు నేరస్థుల చట్టాలు తెచ్చుకున్నాయి. జాబితా కులం నుంచి వ్యక్తికి మారింది. అది చిన్న మార్పేమీ కాదు. కానీ పోలీసు మాన్యువళ్ళలోని పరిభాష, ఫారాలు, గడులు పెద్దగా మారలేదు. 2024లో కూడా సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తడమవలసి వచ్చింది. వెనకబడిన, అణగారిన సామాజిక వర్గాల అమాయకుల పేర్లు యాంత్రికంగా హిస్టరీ షీట్లలోకి ఎక్కుతున్నాయన్న ఆందోళనను ఢిల్లీ ఎమ్మెల్యే ఒకరి షీటు మీద వచ్చిన కేసులో ప్రస్తావించింది.

తెరిచే దారి

ఉత్తరప్రదేశ్ పోలీసు నిబంధనలు హిస్టరీ షీట్లను ఏ, బీ తరగతులుగా విడదీశాయి. ఏ తరగతిలో బందిపోట్లు, కన్నపుదొంగలు, పశువుల దొంగలు, రైల్వే గూడ్స్ వ్యాగన్లు కొల్లగొట్టేవారు. బీ తరగతి జాబితా ఇంకా తమాషాగా ఉంటుంది. సైకిల్ దొంగలు, ఆరితేరిన జేబుదొంగలు, దొంగ నాణేలు పోతపోసేవారు, టెలిగ్రాఫ్ తీగలు కత్తిరించేవారు, పశువులకు విషం పెట్టేవారు. ఒక కాలపు భయాలన్నీ ఆ జాబితాలో వరసగా కనిపిస్తాయి. తరగతుల మధ్య తేడా కాగితానికే పరిమితం కాదు. ఏ తరగతివారు మారతారన్న ఆశ ఉంటుందని, బీ తరగతివారు వృత్తి నేరస్థులు కాబట్టి వారి షీటు తేలిగ్గా మూయకూడదని ఆ వర్గీకరణ వెనకున్న ఆలోచన.

తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువగా వినిపించేది ఆంధ్రప్రదేశ్ పోలీసు మాన్యువల్‌లోని 601వ ఆర్డర్. శాంతిభంగం కలిగించే నేరాలు అలవాటుగా చేసేవారు, వాటికి ప్రయత్నించేవారు, ప్రోత్సహించేవారు, సత్ప్రవర్తన కోసం బైండోవర్ అయినవారు, ఆడవాళ్ళను వేధించడం అలవాటైనవారు, ఇలా కొన్ని వర్గాలను అది రౌడీలుగా గుర్తించవచ్చంటుంది. షీటు తెరవాలంటే స్టేషన్ అధికారి సొంత నిర్ణయం చాలదు, డీఎస్పీ లేదా ఆపై అధికారి ఉత్తర్వు కావాలి.

ఇందులో వివాదమంతా 'అలవాటుగా' దగ్గరే తిరుగుతుంది. ఒక భూతగాదాలో అన్నదమ్ముల పిల్లల మీద పెట్టిన ఒకే కేసు అలవాటు అవుతుందా? ఒకే గొడవలోంచి పుట్టిన రెండు ఎఫ్‌ఐఆర్‌లు రెండు నేరాలా? 1990ల నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు ఇలాంటి పిటిషన్లు పదేపదే వచ్చాయి. ఒకటీ అరా కేసులో పేరున్నంత మాత్రాన అలవాటు అనలేమని, అధికారి తన ముందున్న సామగ్రిని చూసి, బుర్ర పెట్టి ఆలోచించి ఉత్తర్వు ఇవ్వాలని కోర్టు చాలా కేసుల్లో చెప్పి షీట్లు మూయించింది. అయినా అదే తరహా కేసులు మళ్ళీ వస్తూనే ఉన్నాయి. కారణం తేలికే. తీర్పు ఆ పిటిషనర్ షీటును మూస్తుంది, పక్క స్టేషన్‌లో అదే తీరుగా తెరిచిన షీటును ముట్టుకోదు.

కోర్టులు గీసిన గీతలు

ఈ రికార్డుల మీద చట్టం ఎలా ఎదిగిందో తెలుసుకోవాలంటే 1962 నాటి ఖరక్ సింగ్ కేసుతో మొదలుపెట్టాలి. ఉత్తరప్రదేశ్‌లో 1941లో ఒక దోపిడీ కేసులో ఆయనను పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. హిస్టరీ షీట్ మాత్రం తెరిచారు. ఆ పైన చౌకీదారు, కానిస్టేబుళ్ళు వేళ కాని వేళ వచ్చి తలుపు కొట్టడం, నిద్ర లేపడం, ఊరు దాటితే ఎక్కడికని అడగడం మొదలైంది. ఇంటి చుట్టూ రహస్యంగా కాపు కాయడం, రాత్రివేళ ఇంటికి వెళ్ళి చూడడం, కదలికలు రాసుకోవడం లాంటి నిఘా మార్గాలను ఆ రాష్ట్ర నిబంధనల్లోని 236వది వరసగా చెప్పింది.

ఆరుగురు జడ్జిల ధర్మాసనంలో ఎక్కువమంది రాత్రివేళ ఇంటి తనిఖీలను మాత్రం కొట్టివేశారు. మిగిలిన నిఘా నిలిచింది. రాజ్యాంగంలో గోప్యత ఒక హక్కుగా లేదన్నారు. విభేదించింది జస్టిస్ కోకా సుబ్బారావు, జస్టిస్ షా. రాజమహేంద్రవరం ప్రాంతం నుంచి వెళ్ళి, తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి అయిన సుబ్బారావు వాదన స్పష్టంగా ఉంది. నీడలా ఎవరో వెంట ఉన్నారని తెలిసిన మనిషి ఒంటికి సంకెళ్ళు లేకపోయినా స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కాదు, కాబట్టి ఆ నిబంధన మొత్తం చెల్లదన్నారు. 55 ఏళ్ళ తర్వాత, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జిలు గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చి, ఖరక్ సింగ్ తీర్పులో దానికి విరుద్ధమైన భాగాన్ని తోసిపుచ్చినప్పుడు నిలిచింది ఆ మైనారిటీ అభిప్రాయమే.

ఖరక్ సింగ్ తీర్పులో అంతగా చర్చకు రాని ఇంకో అంశం ఉంది. ఆ నిబంధనలు చట్టం కావని, పోలీసు శాఖ తన సిబ్బందికి ఇచ్చుకున్న సూచనలు మాత్రమేనని, ప్రాథమిక హక్కును కుదించాలంటే చట్టం కావాలని మెజారిటీ జడ్జిలే అన్నారు. 1975లో గోబింద్ కేసులో మధ్యప్రదేశ్ నిబంధనలు నిలబడ్డాయంటే, వాటికి 1861 పోలీసు చట్టం దన్ను ఉందని కోర్టు ఒప్పుకోవడమే ముఖ్య కారణం. అప్పుడు కూడా వాటిని చాలా ఇరుకుగా చదవాలని, సమాజ భద్రతకు నిజంగా ముప్పున్న చోటే వాడాలని హెచ్చరించింది. ఇదే ప్రశ్న 2022లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో మళ్ళీ లేచింది. పోలీసు మాన్యువల్ ఆర్డర్లకు చట్టబద్ధత లేదు, వాటి ఆధారంగా రౌడీ షీట్లు తెరవడం, కొనసాగించడం కుదరదని ఒక ఏకసభ్య ధర్మాసనం తీర్పు చెప్పింది. 1962 నాటి తర్కమే, పుట్టస్వామి తీర్పు అండతో తిరిగి వచ్చింది.

మధ్యలో మలక్ సింగ్ కేసు ఉంది. 1980 దశకం ఆరంభంలో పంజాబ్ నిఘా రిజిస్టర్ మీద వచ్చిన ఆ కేసులో తీర్పు రాసింది జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి, ఆయనా తెలుగువారే. రహస్యం గురించి సూటిగా మాట్లాడిన తీర్పు ఇది. పేరు ఎక్కించే ముందు ఆ మనిషికి నోటీసు ఇచ్చి వాదన వినక్కరలేదు, రిజిస్టర్ చూపించక్కరలేదు, అలా చూపితే నిఘా ఉద్దేశమే చెడుతుందని చెప్పింది. దానికి బదులుగా మూడు కట్టడులు పెట్టింది. నమ్మదగిన ఆధారం ఉండి తీరాలి, నిఘా మనిషి పరువుకూ స్వేచ్ఛకూ అడ్డు తగిలేలా ఉండకూడదు, అడిగితే పోలీసులు కోర్టుకు ఆధారం చూపాలి. చాటుగా, మర్యాదగా, ఎవరికీ తెలియకుండా నిఘా పెట్టుకోమన్నదే ఆ తీర్పు సారాంశం.

రహస్యం ఎవరి దగ్గర?

ఆ చాటు ఇప్పుడు ఎక్కడుంది? రౌడీషీటర్లను ఆదివారం స్టేషన్‌కు పిలిపించి వరసగా నిలబెట్టి కౌన్సెలింగ్ ఇస్తారు. ఫొటోలు మర్నాడు పేపర్లో వస్తాయి. ఎన్నికలకు ముందు తహసీల్దారు కార్యాలయంలో బైండోవర్‌కు క్యూ కడితే మండలమంతా చూస్తుంది. నిబంధనల్లో ఎవరి కంటా పడకూడని దస్త్రం, పత్రిక శీర్షికలో మనిషి పేరుకు ముందు విశేషణంగా మారింది. అదే మనిషి తన మీద షీటు ఉందా, ఏ తేదీన, ఏ కారణంతో తెరిచారని సమాచార హక్కు చట్టం కింద అడిగితే ఎనిమిదో సెక్షన్ మినహాయింపులు ఎదురవుతాయి.

ఈ తలకిందుల వ్యవహారమే మొత్తం వివాదానికి మూలం. రికార్డు గోప్యంగా ఉంటే ఇద్దరికీ మేలు. పోలీసులకు సమాచారం భద్రం, మనిషికి పరువు భద్రం. మొదటిది నిలిచి రెండోది పోతే, రికార్డు శిక్షలా మారుతుంది. ఇల్లు అద్దెకు ఇచ్చేవారు, పిల్లనిచ్చేవారు, పనిలో పెట్టుకునేవారు దాన్ని తీర్పుగానే తీసుకుంటారు. చట్టంలో మాత్రం దానికంత బరువు లేదు. పాస్‌పోర్టు చట్టం నిరాకరణకు చెప్పిన కారణాల్లో కోర్టులో పెండింగ్ ఉన్న క్రిమినల్ కేసు ఉంది, ఐదేళ్ళలోపు పడిన రెండేళ్ళ జైలుశిక్ష ఉంది, హిస్టరీ షీట్ అనే మాటే లేదు.

2024 మే 7న సుప్రీంకోర్టు చేతికి వచ్చిన కేసు సరిగ్గా ఈ అంచు మీదిదే. ఢిల్లీ ఎమ్మెల్యే అమానతుల్లా ఖాన్ మీద తెరిచిన షీటులో ఆయన మైనరు పిల్లల వివరాలు కూడా ఎక్కించారు. విచారణ సాగుతుండగానే ఢిల్లీ పోలీసులు తమ స్టాండింగ్ ఆర్డర్‌ను సవరించారు. నేరస్థుడికి ఆశ్రయం ఇచ్చినట్టు ఆధారముంటే తప్ప మైనరు బంధువుల వివరాలు రాయకూడదని చేర్చారు. హిస్టరీ షీట్ శాఖ అంతర్గత పత్రమని, బహిరంగంగా అందుబాటులో ఉంచేది కాదని కోర్టు స్పష్టం చేసింది. షీట్లను ఎప్పటికప్పుడు తనిఖీ చేసేందుకు జాయింట్ కమిషనర్ స్థాయి అధికారిని పెట్టాలని, మిగిలిన రాష్ట్రాలు కూడా తమ విధానాలను ఇదే పద్ధతిలో సవరించే విషయం పరిశీలించాలని సూచించింది.

మూసే దారి

తెలుగు రాష్ట్రాల మాన్యువల్ ప్రకారం రౌడీ, సస్పెక్ట్ షీట్లు డిసెంబరు నెలాఖరు వరకే నడుస్తాయి. ఆ పైన కొనసాగించాలంటే గెజిటెడ్ అధికారి ఉత్తర్వు తీసుకోవాలి. కాగితం మీద ఇది మంచి ఏర్పాటు. ఏటా ఒకసారి ప్రతి పేరూ మళ్ళీ పరీక్షకు నిలుస్తుంది. కానీ ఆ వెంటనే మరో వాక్యం ఉంది. గత ఐదేళ్ళలో ఏ కేసులోనూ పేరు లేకపోవడం ఒక్కటే షీటు మూయడానికి కారణం కాకూడదని.

డెస్కు వెనక కూర్చున్న అధికారి వైపు నుంచి చూస్తే పరిస్థితి అర్థమవుతుంది. మూడు వందల షీట్లున్న సబ్‌డివిజన్ అనుకుందాం. ఒక షీటు కొనసాగించడానికి ఒక సంతకం చాలు, దాని గురించి ఎవరూ సంజాయిషీ అడగరు. మూసిన ఆర్నెల్లకు ఆ మనిషి కత్తిపోటు కేసులో దొరికితే మొదటి ప్రశ్న మూసినవారికే వస్తుంది. తప్పుగా తెరిచి ఉంచితే నష్టం ఇంకొకరిది, తప్పుగా మూస్తే నష్టం తనది. ఇలాంటి తూకంలో డిసెంబరు సమీక్ష ఎటు మొగ్గుతుందో ఊహించడం కష్టం కాదు. వ్యక్తుల మంచిచెడులతో దీనికి పెద్ద పని లేదు, ఏర్పాటే అలా ఉంది.

పోల్చి చూడటానికి 2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ ఐడెంటిఫికేషన్ చట్టం పనికొస్తుంది. వేలిముద్రలు, కనుపాప గుర్తులు లాంటి కొలతలను 75 ఏళ్ళు దాచమని అది చెబుతుంది, దాని మీద విమర్శలూ ఎక్కువే. అయినా అందులో బయటికొచ్చే తలుపు ఉంది. అంతకుముందు శిక్ష పడని వ్యక్తి విచారణ లేకుండా విడుదలైతే, లేదా అప్పీళ్ళన్నీ ముగిశాక నిర్దోషిగా తేలితే, మేజిస్ట్రేటు వేరే విధంగా ఆదేశిస్తే తప్ప ఆ రికార్డు చెరిపేయాలి. అంత కటువైన చట్టంలో ఉన్న ఈ వీలు హిస్టరీ షీట్‌కు లేదు. కేసు కొట్టేసినా షీటు దానంతట అది మూతపడదు.

రికార్డు చేజారితే

ఇదంతా విని ఈ పుస్తకాలన్నీ తగలబెట్టవచ్చు కదా అనుకుంటే ఇంగ్లండ్‌లో జరిగింది గుర్తుచేసుకోవాలి. 2002 ఆగస్టులో సోహమ్ అనే చిన్న పట్టణంలో పదేళ్ళ పిల్లలిద్దరిని ఒక బడి కేర్‌టేకర్ చంపాడు. అంతకుముందు హంబర్‌సైడ్ ప్రాంతంలో అతని మీద లైంగిక నేరాల ఆరోపణలు చాలాసార్లు వచ్చాయి. ఏదీ శిక్ష దాకా వెళ్ళలేదు. ఆ పోలీసు దళం సమాచారాన్ని సరిగా దాచలేదు, ఉద్యోగ తనిఖీలో కేంబ్రిడ్జ్‌షైర్ పోలీసులకు ఏమీ కనిపించలేదు. రుజువు కాని ఆరోపణలను కూడా కలిపి చూస్తే ఒక పోకడ కనిపించేదని 2004 నాటి బిచర్డ్ విచారణ తేల్చింది. ఆ తర్వాతే అన్ని దళాల నిఘా సమాచారాన్ని ఒకచోట చేర్చే పోలీస్ నేషనల్ డేటాబేస్ 2011లో వచ్చింది.

శిక్ష పడని విషయాలు కూడా పోలీసులు గుర్తుంచుకోవాలన్న వాదనకు ఇంతకన్నా గట్టి ఉదాహరణ దొరకదు. ఆ దేశమే ఇంకో ఉదాహరణా ఇచ్చింది. 2011 అల్లర్ల తర్వాత లండన్ పోలీసులు 2012లో ముఠాల జాబితా ఒకటి తయారుచేశారు. గ్యాంగ్స్ మ్యాట్రిక్స్ అని పేరు. ప్రతి పేరుకూ ఎరుపు, కాషాయం, ఆకుపచ్చ రంగుల్లో ముప్పు స్థాయి ఉండేది. దాని ప్రతి ఒకటి 2017లో న్యూహామ్ స్థానిక మండలి ఉద్యోగి ద్వారా పదుల మందికి ఈమెయిల్‌లో వెళ్ళింది, ఆ వివరాలు ప్రత్యర్థి ముఠాల చేతుల్లోనూ పడ్డాయి. సమాచార కమిషనర్ 2018లో పోలీసులకు నోటీసు ఇచ్చి, 2019లో ఆ మండలికి 1,45,000 పౌండ్ల జరిమానా వేశారు. చివరికి 2024లో మ్యాట్రిక్స్‌నే ఎత్తేశారు.

అమెరికాలో కాలిఫోర్నియా నడిపిన క్యాల్‌గ్యాంగ్ కథ ఇంకా విడ్డూరం. 2016లో రాష్ట్ర ఆడిటర్ లెక్క చూస్తే, పేరు ఎక్కించిన నాటికి ఏడాది వయసు కూడా నిండని పిల్లలుగా నమోదైనవారు 42 మంది తేలారు. అందులో 28 మంది తాము ముఠా సభ్యులమని స్వయంగా ఒప్పుకున్నట్టు రాసి ఉంది. పుట్టిన తేదీ తప్పు పడిందని అర్థమవుతూనే ఉంది. ఎవరూ తిరిగి చూడని రికార్డులో ఎంతటి తప్పైనా హాయిగా బతుకుతుందని కూడా దాన్నిబట్టి తెలుస్తుంది. బయటి ఆడిటర్ ఒకరు ఉండబట్టే అది కనిపించింది. మన దగ్గర ఆ కుర్చీయే లేదు.

కాగితం నుంచి తెర మీదికి

స్టేషన్ బీరువాలో ఉన్నంతకాలం హిస్టరీ షీట్ చెడు చేసినా ఆ స్టేషన్ హద్దుల్లోనే. ఇప్పుడు పరిస్థితి వేరు. 2009లో కేంద్రం ఆమోదించిన సీసీటీఎన్ఎస్ (నేరాలు, నేరస్థుల వివరాల కంప్యూటర్ వ్యవస్థ) దేశంలోని స్టేషన్లను ఒకే నెట్‌వర్క్‌లో కలిపింది. తెలంగాణ పోలీసులు 2018 జనవరి 18న సకల నేరస్థుల సమగ్ర సర్వే పేరుతో ఒకేరోజు పాత నేరస్థుల ఇళ్ళకు వెళ్ళి వివరాలు సేకరించారు, ఇళ్ళను జియోట్యాగింగ్ చేశారు, అంటే డిజిటల్ మ్యాపులో గుర్తు పెట్టారు. అదే ఏడాది వచ్చిన టీఎస్‌కాప్ యాప్‌తో రోడ్డు మీది కానిస్టేబుల్ ఫోనులోనే రికార్డులు చూడగల వీలు వచ్చింది. వేలిముద్రలు తక్షణం సరిపోల్చే పరికరాలూ వచ్చాయి.

దీనివల్ల లాభం లేదనలేం. ఊరు మార్చి దొంగతనాలు చేసేవారిని పట్టడంలో పాత 'బ్యాడ్ క్యారెక్టర్ రోల్' పద్ధతి ఉత్తరాల మీద, దయ మీద నడిచేది. ఇప్పుడు నిమిషాల్లో తేలుతుంది. నష్టం కూడా అదే వేగంతో వ్యాపిస్తుంది. మూసిన షీటు స్టేషన్ బీరువాలోంచి తీసేస్తే గతంలో కథ ముగిసేది. డేటాబేస్‌లో ఒక ప్రతి, యాప్‌లో ఒక ప్రతి, ఎవరో తీసుకున్న స్క్రీన్‌షాట్ ఒకటి మిగిలితే మూసినట్టు ఎవరు పూచీ పడతారు? 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇక్కడ అక్కరకు రాదు. నేర నివారణ, దర్యాప్తు కోసం వాడే డేటాకు అందులోని ముఖ్యమైన బాధ్యతల నుంచి 17వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది.

ఇక ముందు

పోలీసు వ్యవస్థ రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలోది. కాబట్టి హిస్టరీ షీట్లకు చట్టబద్ధత కావాలంటే శాసనసభలే చేయాలి. అలాంటి చట్టం వస్తే దానిలో వెతకవలసినవి ఎవరి మీద తెరవవచ్చన్న నిర్వచనం కన్నా, ఎప్పుడు దానంతట అదే మూతపడుతుంది, మూయకపోతే ఎవరు రాతపూర్వకంగా కారణం చెప్పాలి, పేరు బయటపెట్టిన అధికారి మీద చర్య ఏమిటి అన్నవి. నిర్వచనాలు 1962 నుంచి కోర్టులు చాలానే ఇచ్చాయి. గడువులూ బాధ్యతలూ ఎవరూ ఇవ్వలేదు. ఒక్క సంతకంతో కొనసాగించే ఇప్పటి అలవాటును తిరగేసి, రాతపూర్వక కారణం లేకపోతే షీటు రద్దయినట్టే అన్న పద్ధతి తెస్తే డిసెంబరు సమీక్షకు అర్థం వస్తుంది.

అప్పటిదాకా తన మీద షీటు ఉందని నమ్మే వ్యక్తికి మిగిలిన మార్గాలు రెండు. కేసులు కొట్టేసిన తీర్పుల ప్రతులు జతచేసి ఎస్పీకి లేదా కమిషనర్‌కు మూసివేత కోరుతూ అర్జీ పెట్టుకోవడం మొదటిది. అక్కడ పలకకపోతే రాజ్యాంగంలోని 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ వేయడం. పిటిషనర్‌కు రిజిస్టర్ చూపించాలని కోర్టు ఆదేశించకపోవచ్చు. ఆ రిజిస్టర్ తెప్పించుకుని తాను చూసే అధికారం మాత్రం మలక్ సింగ్ తీర్పు నాటి నుంచీ కోర్టుకు ఉంది.